ఇల్లు కట్టే ముందు ఒక లెక్క



'జీరో ఎనర్జీ భవనం' అనే మాట మీరు వినే ఉంటారు. ఏడాదిలో తాను వాడుకునే కరెంటునంతా తానే తయారుచేసుకునే భవనమని అర్థం. 2014లో ఢిల్లీలో ప్రారంభమైన ఇందిరా పర్యావరణ్ భవన్‌ను ఆ ఉద్దేశంతోనే కట్టారు. వాటికన్‌లో ఆరవ పౌలు పోపు గారి పేరిట ఉన్న సభామందిరం కప్పు మీద కూడా 2008లో సౌర ఫలకాలు అమర్చారు.

అయితే ఫలకాలతోనే లెక్క తీరదు. సున్నపురాయిని కాల్చి సిమెంటు చేయడానికి, బట్టీలో ఇటుక కాల్చడానికి, ఇనుము కరిగించడానికి పట్టే శక్తి మనం గృహప్రవేశం చేయకముందే ఖర్చయిపోతుంది. మరి స్వర్ణముఖిలో తవ్విన ఇసుక మాటేమిటి? ఏటిలో ఇసుక పోతే ఒడ్డు బావుల్లో నీరు దిగిపోతుంది. ఈ బాకీ కరెంటు బిల్లులో కనిపించదు.

చంద్రగిరి రాజమహల్ చూశారు గదా! కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అంత మందం గోడలు మనం కట్టలేం, నిజమే. కాని పడమటి గోడకు వరండా, ఎదురెదురు కిటికీలు, మిద్దె మీద తెల్లసున్నం మనకు అందనివా? లారీ బేకర్ గారు కేరళలో ప్రచారం చేసిన, నడుమ ఖాళీ వదిలే గోడకు ఇటుక సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. ఆ ఖాళీయే ఎండవేడిని అడ్డుకుంటుంది.

దివంగత ఫ్రాన్సిస్ పోపు గారు 2015 నాటి 'లౌదాతో సీ' విశ్వలేఖలో, పెరిగిపోతున్న ఏ.సి.ల వాడకాన్ని హానికరమైన అలవాట్లకు ఉదాహరణగా చూపారు. రేకుల కింద కాపురముండే కుటుంబానికి మాత్రం మే నెలలో ఫ్యానే గతి. కరెంటు పోతే అదీ లేదు.

మీ విచారణలో కొత్త హాలు తలపెడితే, ఏ.సి.లెన్ని అని కాక కిటికీలు ఎటువైపు అని మేస్త్రీని ముందు అడగండి. పాత హాలు గోడలు గట్టిగా ఉంటే, కూల్చకుండా బాగుచేయవచ్చునా అని కూడా అడగండి.