పిల్లికూన టీకా, పెంచేవారి నిగ్రహం

తనకంటే బలహీనమైన ప్రాణి భయపడినప్పుడు మనిషి ప్రవర్తించే తీరులోనే అతని నిగ్రహం ఎంతటిదో తెలుస్తుంది. పిల్లికూనకు టీకా వేయించడం అందుకు చిన్నదైనా కఠినమైన పరీక్ష. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో పిల్లిని పెంచేవారిలో పలువురు పూటకింత పాలు పోస్తే బాధ్యత తీరిందనుకుంటారు. టీకా మాట వచ్చేసరికి కూనను సంచిలో కుక్కి, బండి మీద పశువుల దవాఖానకు తీసుకుపోయి, అక్కడ అది గీరితే దానినే తిడతారు. ఇది క్షమించదగిన తొందర కాదు. అయితే తొందర స్వభావం ఎంత పాతదైనా సాధనతో లొంగుతుంది.

ముందుగా టీకాల క్రమం తెలియాలి. తల్లిపాల ద్వారా కూనకు అందిన రక్షణ కొన్ని వారాలలో క్షీణిస్తుంది, అది మిగిలి ఉన్నంతకాలం టీకాను పూర్తిగా పనిచేయనీయదు. ఏ కూనలో ఎప్పుడు తరుగుతుందో చెప్పలేము గనుక, 6 నుంచి 8 వారాల వయసులో మొదటి మోతాదు ఇచ్చి, 3, 4 వారాలకొకసారి చొప్పున 16 వారాలు నిండేవరకు మళ్లీ వేస్తారు. తెల్ల రక్తకణాలను హరించి వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే పాన్‌ల్యూకోపీనియా, ముక్కూ కళ్లూ కారించే హెర్పిస్ వైరస్, నోటిపుండ్లు తెచ్చే కాలిసీ వైరస్‌ల నుంచి ఈ టీకా కాపాడుతుంది. రేబిస్ టీకాను మూడు నెలలు నిండాక వేస్తారు. ఆ వ్యాధి పిల్లికాటు వల్ల కూడా మనుషులకు సోకుతుందన్న సంగతిని తేలికగా తీసుకోరాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఫలమిచ్చే అలవాటు ఒకటుంది: దవాఖానకు వెళ్లే తేదీకి చాలా రోజుల ముందే మూతబుట్టను ఇంట్లో తెరిచి ఉంచి, రోజూ ఒకే వేళకు పది నిమిషాలు కూనతో గడపడం. బుట్టలో పాత చీరముక్క పరచి, ఉప్పు కారం లేని ఉడికిన కోడిమాంసం తునక ఒకటి మొదట అంచున, తర్వాత లోపల పెడితే కూన తనంతట తానే వెళ్తుంది. అది లోపల నిద్రపోవడం మొదలుపెట్టాక మూతను క్షణం పాటు వేసి తీయాలి, ఆ తర్వాత బుట్టను ఎత్తి గడప వరకు నడవాలి, చివరగా బండి చప్పుడును దూరం నుంచి వినిపించాలి. దీనితోపాటు చెవి అంచును తడమడం, పెదవిని పైకెత్తి పళ్లు చూడడం, పంజాను మెల్లగా నొక్కి గోరు బయటికి రప్పించడం, వీపు పైచర్మాన్ని రెండు వేళ్లతో ఎత్తి వదలడం అలవాటు చేస్తే, డాక్టరు సూది వేసేవేళ ఆ స్పర్శ దానికి కొత్తగా తోచదు. తోక విసిరినా, చెవులు వెనక్కి వాల్చినా ఆ రోజుకు అక్కడితో ఆపాలి. ఓపిక తక్కువైనవారికి ఆ పది నిమిషాలు ఎంత దీర్ఘంగా తోస్తాయో, మనసు లోలోపల ఎంత విసుక్కుంటుందో సాధన చేసినవారికే తెలుసు; అయినా కూర్చోవాలి, ఎందుకంటే అక్కడ మచ్చిక అయ్యేది కూనతోపాటు కూర్చున్నవారి మనసు కూడా. పిల్లులకు 2 నుంచి 7 వారాల వయసులో మనిషి చేతి స్పర్శ అలవాటైతే భయం తగ్గుతుందని అమెరికాలో ఐలీన్ కార్ష్ పరిశోధనలు సైతం చూపాయి.

మిగిలిన జాగ్రత్తలు సులువైనవే. నులిపురుగుల మందును డాక్టరు చెప్పినట్లు వేయించాలి. జ్వరం, విరేచనాలు ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆదిలాబాద్ ఎండల్లో పొద్దున్నే బయలుదేరాలి. దవాఖానలో కుక్కలకు దూరంగా, బుట్టపై గుడ్డ కప్పి కూర్చోవాలి. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు మగతగా ఉండడం సహజం, ముఖం వాచినా ఊపిరి ఆడకపోయినా వెంటనే డాక్టరు వద్దకు తీసుకుపోవాలి. పారాసెటమాల్ మాత్రం ఎన్నడూ వేయరాదు, అది పిల్లులకు ప్రాణాంతకం. ఉమ్మడి కరీంనగర్‌లోని కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం సందర్భంగా రేబిస్ టీకా శిబిరాలు కూడా జరుగుతుంటాయి. కనుక సాకులు వెతకడం మాని, ఇంట్లో కూన ఉన్న ప్రతివారూ టీకా తేదీని గోడ క్యాలెండర్‌పై రాసుకొని, మొదటి పది నిమిషాలను ఈరోజే కేటాయించాలి.