కాదనే వీలు ముందు కల్పించు

అమ్మాయికి,

భద్రాచలం ఏజెన్సీలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరానని, సికిల్ సెల్ రోగులను అధ్యయనంలో చేర్చే బాధ్యత నీకు అప్పగించారని రాశావు. చాలా సంతోషం. “గూడేలవాళ్లను ఒప్పించేదెలా?” అని అడిగావు. ఒప్పించడం నీ పని కాదు తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పి, సరే అనడానికీ వద్దనడానికీ వాళ్లకు సమానంగా వీలు కల్పించడం నీ పని. ఆ వీలు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి దాన్ని చేపట్టింది. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. వారిలో ఎందరో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. కానీ అనుమతి పత్రాలు తిరగేస్తే లోపాలు బయటపడ్డాయి. 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి.

వేలిముద్ర వేయడం తప్పు కాదు. చదువురాని తల్లి కూడా అంతా తెలుసుకునే ముద్ర వేయవచ్చు. ముద్ర వేసే ముందు ఆమెకు ఎవరు, ఏ భాషలో, ఏం చెప్పారన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆ టీకా ఇవాళ ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. అంత మంచి టీకా అయినా కన్నవాళ్లను అడగకుండా వేస్తే దానిమీద నమ్మకం చెడుతుంది. తర్వాత వచ్చే టీకానూ అనుమానంగానే చూస్తారు.

అలాగని “వీళ్ల జోలికి పోతే గొడవ” అని పక్కన పెట్టేయడం కూడా అన్యాయమే. మన దేశంలో సికిల్ సెల్ జబ్బు గిరిజన తెగల్లోనే ఎక్కువ. వాళ్లు లేని పరిశోధన వాళ్లకు ఏం జవాబు చెబుతుంది? మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ సంగతి చూడు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఆ మాత్ర వేస్తే ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. ఆ లోపం కొన్ని తెగల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒకరికి మేలు చేసిన మందు ఇంకొకరికి కీడు చేస్తుందని ముందే తెలియాలంటే ఆ ఇంకొకరు కూడా పరీక్షలో ఉండాలి. అమెరికాలో 2000లో మొదలైన పెద్ద గుండెజబ్బుల అధ్యయనం మీసాలో తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్‌లు, చైనీయులు ఉన్నారు. మన భారత ఉపఖండం వాళ్లను చేర్చలేదు. వాళ్ల కోసం 2010లో మసాలా అనే అధ్యయనం విడిగా మొదలుపెట్టాల్సి వచ్చింది.

మరి జనం దగ్గరికి వెళ్లేదెలా? లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి పురుషుల రక్తపోటు మీద పనిచేసిన పరిశోధకులు 52 బార్బర్ షాపులకు వెళ్లారు. అక్కడి బార్బర్ వాళ్లకు ఏళ్ల తరబడి తెలిసిన మనిషి. కొన్ని షాపుల్లో ఫార్మసిస్టులే వచ్చి బీపీ చూసి మందులిచ్చారు. ఆరు నెలల్లో అక్కడివాళ్ల పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది. మిగతా షాపుల్లో సుమారు 9 తగ్గింది. చేరిన 319 మందిలో 95 శాతం చివరిదాకా నిలిచారు. 2018లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వాళ్లు జనాన్ని ఆస్పత్రికి రమ్మని కబురు పెట్టలేదు, జనం ఉన్నచోటికే వెళ్లారు.

నువ్వూ అలాగే వెళ్లు. తునికాకు కోసే రోజుల్లో పొద్దున్నే వెళితే ఇళ్లలో ఎవరూ ఉండరు. ఆశా కార్యకర్తను అడిగి వాళ్లకు తీరికైన వేళ తెలుసుకో. ఆస్పత్రికి రప్పిస్తే బస్సు ఛార్జీలు, పోయిన కూలి ముందే లెక్కగట్టి ఇప్పించు. గూడెం పెద్దకు ముందు చెప్పడం మర్యాద, కానీ ఆయన మాట ఇంకొకరి సమ్మతి కాదు. నువ్వు మాట్లాడేటప్పుడు సర్పంచినో అధికారినో పక్కన నిలబెట్టుకోవద్దు. వాళ్ల ముందు వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? కోయ మాట్లాడేవాళ్లకు కోయలోనే చెప్పించు. చదువురానివాళ్ల దగ్గర అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఉండి తీరాలి.

రక్తం ఐదు మిల్లీలీటర్లు తీస్తామంటే ఎవరికి తెలుస్తుంది? టీ చెంచా చూపించి “ఇంత” అను. ఆ రక్తం ఎక్కడికి పోతుందో, దేనికి వాడతారో కూడా చెప్పు. అరిజోనాలో హవసుపాయ్ తెగవాళ్లు మధుమేహ పరిశోధన అనుకుని ఇచ్చిన రక్తాన్ని వేరే పరిశోధనలకూ వాడారు. వాళ్లు కోర్టుకెక్కితే 2010లో రాజీ కుదిరి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చారు.

అంతా చెప్పాక “అర్థమైందా?” అని అడగొద్దు. అందరూ తలూపుతారు. “మధ్యలో మానేస్తే మీకు ఇక్కడ వైద్యం ఆగిపోతుందా అమ్మా?” అని అడుగు. “ఆగదు” అని ఆమె నోట రాకపోతే మొదటినుంచీ చెప్పు. రాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆమెతోనే చెప్పించు. ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడని నువ్వే ఒక రాత్రి చేసి చూడు. పని ముగిశాక ఏం తేలిందో అదే గూడేనికి వెళ్లి చెప్పు.

చేరినవాళ్లెందరో మీ పైవాళ్లు నెలనెలా అడుగుతారు. విని వద్దన్నవాళ్ల లెక్క కూడా రాసిపెట్టి, రెండూ కలిపి చూపించు. ఏ గూడెంలోనైనా ఒక్కరూ వద్దనలేదంటే సంబరపడకు. అక్కడ మనం సరిగ్గా అడగలేదేమోనని అనుమానించి, ఇంకోసారి వెళ్లి మళ్లీ అడుగు.

ఇట్లు,
పెదనాన్న