సరుకుల బిల్లు తగ్గేదెలా?

ప్రశ్న: ఇంట్లో నలుగురం. నెల సరుకుల ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ముందు పోయిన నెల బిల్లు తీసి చూడండి. బియ్యం, పప్పుల కంటే బిస్కెట్లు, ప్యాకెట్ మసాలాల దగ్గరే డబ్బు కారిపోతుంటుంది. సాంబారు పొడి, రసం పొడి ఇంట్లోనే కొట్టుకోండి. చింతపండు, ఎండుమిర్చి వేసవిలో కొత్తవి వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొని, బాగా ఎండబెట్టి జాడీకెత్తండి. కందిపప్పును మాత్రం అలా మూటలకొద్దీ కొనకండి. పురుగు పడితే మిగిలిందంతా పోతుంది. దాని ధర మండిపోతుంటే వారంలో రెండు రోజులు పెసరపప్పు వండండి, త్వరగా ఉడుకుతుంది కాబట్టి గ్యాసూ కలిసొస్తుంది. కూరగాయలకు రైతుబజారుకే వెళ్లండి, అక్కడి ధరల బోర్డు చూసే కొనండి. బీరకాయ తొక్కు పారేయకుండా పచ్చడి చేస్తే ఇంకో పూట గడుస్తుంది (నన్నడిగితే కూర కంటే అదే రుచి). ఇక, ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ బోర్డులుంటాయే, అవసరం లేనిదైతే వాటి వైపు చూడనే వద్దు.