పెట్టె బరువెంత?

హైదరాబాద్

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో నీ గొంతు నీరసంగా వినిపించింది. గిడ్డంగి అరల్లోంచి పెట్టెలు తీసే రోబో కావాలని మీ స్పాన్సర్ కంపెనీ సవాలు ఇచ్చిందనీ, పట్టుకారు పెట్టాలా, గాలితో పీల్చే కప్పు పెట్టాలా అని మీ టీమ్ వారంగా పోట్లాడుకుంటోందనీ చెప్పావు. పెట్టె బరువెంత అని అడిగితే, తెలియదన్నావు. అప్పటినుంచీ నాకు అదే ఆలోచన.

బాలానగర్‌లో టూల్‌రూమ్‌లో పనిచేసే రోజుల్లో ఒక కంపెనీవాళ్ళు వచ్చి, డ్రిల్లింగ్‌లో పీసు కదులుతోంది, ఇంకా గట్టి క్లాంపు కావాలన్నారు. మూడు వారాలు కష్టపడి చేసిచ్చాను. అయినా కదిలింది. చివరికి వాళ్ళ షాపుకెళ్ళి మిషను పక్కన నిలబడ్డాను. అరగంటలో తెలిసిపోయింది, పీసు కింద ఇనుప రజను పేరుకుంటోందని. పీసు ఆనేచోట నాలుగు గాట్లు కోస్తే రజను జారిపోయింది. పాత క్లాంపే సరిపోయింది. ముందే వెళ్ళి చూడలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది నాకు.

మీరు ఆడే రోబో పోటీ ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో కొలతలు నిర్వాహకులే ఇస్తారు. ఆట మొదలయ్యేసరికి రోబో 18 అంగుళాల ఘనంలో ఇమడాలి, తొలి 30 సెకన్లు తనంతట తానే నడవాలి. మీరు దానికి అలవాటుపడ్డారు. ఈ సవాలులో కొలతలు మీరే వెతుక్కోవాలి. పెట్టె అట్టదా, ప్లాస్టిక్‌దా? దుమ్ము పట్టి ఉంటుందా? పడితే లోపలిది పగులుతుందా? ఇప్పుడా పని చేస్తున్న మనిషికి ఎక్కడ నొప్పి పుడుతోంది? స్పాన్సర్ ఇంజనీర్లను అడగండి, మొహమాటపడకండి. వీలైతే గిడ్డంగికే వెళ్ళి ఒక పూట నిలబడి చూడండి.

మీ టీమ్‌లో కప్పు కావాలంటున్న అబ్బాయిని ఓడించాలని చూడకు. ఎంఐటీలో వూడీ ఫ్లవర్స్ గారు 1970ల్లో డిజైన్ క్లాసులో పిల్లలందరికీ ఒకేరకం చిల్లర సామాను ఇచ్చి, యంత్రాలు చేయించి పోటీ పెట్టేవారు. మీ పోటీలకు పునాది అదే. గట్టిగా పోటీపడుతూనే ఎదుటివాణ్ణి గౌరవించాలన్న 'గ్రేషస్ ప్రొఫెషనలిజం' మీకు నేర్పిందీ ఆయనే. చేతికందిన సామానుతో పట్టుకారు, కప్పు రెండూ ఒక్క మధ్యాహ్నంలో చేసి చూడండి. ఏది ఎందుకు పడేసిందో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయి. పనిచెయ్యనిదాన్ని చింపెయ్యకు. జడ్జీలు తిరగేస్తారని కాదు, వచ్చే ఏడు చేరే పిల్లలకు మీరు తడబడిన చోటే పనికొస్తుంది.

నాన్నమ్మ అరిసెలు పంపింది, టీమ్‌కంతటికీ. ఆదివారం ఫోన్ చేస్తాను. పెట్టె బరువు కనుక్కుని ఉంచు.

మీ తాతయ్య