చమురు మనుషులు ఎండనీ గాలినీ నేర్చుకోవాలంటే

నా ఉద్యోగ జీవితమంతా డ్రిల్లింగ్ రిగ్గుల మీదే గడిచింది. కోనసీమ కొబ్బరి తోటల్లో చేశాను, ముంబయి హై సముద్రంలో చేశాను. ఇప్పుడు మా ప్రాంతపు కుర్ర ఇంజినీర్లు ఇంటికొచ్చి ఒకే మాట అడుగుతున్నారు: "మాస్టారూ, ఓఎన్‌జీసీ సోలార్‌లోకి వెళ్లిపోతోంది, మేమేం నేర్చుకోవాలి?" 2025 మార్చిలో ఓఎన్‌జీసీ, ఎన్టీపీసీ గ్రీన్ కలిసి అయానా అనే పునరుత్పాదక విద్యుత్ సంస్థను కొన్నాయి. కట్టినవీ కడుతున్నవీ కలిపి అది 4.1 గిగావాట్లు, అప్పులతో సహా దాని విలువ 19,500 కోట్లు. మన ఎన్.పి. కుంటలోని 250 మెగావాట్ల సౌర కేంద్రం కూడా అందులోదే. 2030కి పది గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు, 2038కి సొంత కార్యకలాపాల్లో నికర శూన్య ఉద్గారాలు అన్నవి ఓఎన్‌జీసీ పెట్టుకున్న లక్ష్యాలు. వాళ్లకి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. కొన్నంత మాత్రాన పని రాదు.

1956లో ఓఎన్‌జీసీ పుట్టినప్పుడు మనకి చమురు తీయడం తెలియదు. అప్పటి కేంద్ర మంత్రి కేశవదేవ్ మాలవీయ పట్టుబట్టి సోవియట్ నిపుణుల్ని తెప్పించారు. మనవాళ్లు వాళ్ల పక్కన నిలబడి డ్రిల్లింగ్‌కి వాడే బురద కలపడం దగ్గర్నుంచి నేర్చుకున్నారు. 1958లో ఖంభాత్, 1960లో అంకలేశ్వర్, 1974లో ముంబయి హైలలో చమురు పడింది. పద్దెనిమిదేళ్లలో నేల మీంచి నడిసముద్రానికి వెళ్లగలిగామంటే, ప్రతి రిగ్గునీ బడిగా వాడుకోవడం వల్లే.

గాలి విద్యుత్తులో అలా నేర్చుకునే అవకాశం చాలా తేలిగ్గా చేజారిపోతుంది. టర్బైను అమ్మిన కంపెనీయే దాన్ని నడుపుతుంది, మరమ్మతులూ చేస్తుంది, మనం నెలనెలా లెక్కలు చూసుకుంటాం. అయానాలో ఈ పని తెలిసిన మనుషులున్నారు. వాళ్లని మన హోదాల చట్రంలోకి లాగి విసిగించకండి. మన కుర్రాళ్లని కొన్నేళ్లు వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి.

2. మెగావాట్లు అడక్కండి, యూనిట్లు అడగండి.

సోలార్ ప్యానెల్ ఏడాది మొత్తం మీద తన పూర్తి సామర్థ్యంలో నాలుగో వంతు ఇస్తే గొప్ప. గాలిమర కాస్త నయం. పది గిగావాట్ల బొగ్గు కేంద్రం, పది గిగావాట్ల సౌర కేంద్రం ఒకటి కావు. రాత్రి డిమాండు పెరిగేవేళకి ఎండ ఉండదు కాబట్టి, నిల్వ చేసే ఏర్పాటు ఎవరిదో మొదటే తేల్చుకోవాలి.

డబ్బు నడక కూడా వేరు. బావి తవ్వితే ఏమీ పడకపోవచ్చు, పడితే మొదటి ఏళ్లలోనే దండిగా వస్తుంది, తర్వాత ప్రెషర్ పడిపోతుంది. సౌర కేంద్రంలో ఎండు బావి అనే భయం లేదు. ఇరవై అయిదేళ్లు ఒకే ధరకి కొద్దికొద్దిగా లాభం. అక్కడ వడ్డీ ఒక్క శాతం పెరిగినా లెక్క తారుమారవుతుంది. క్రూడ్ ధర చూసి బతకడం అలవాటైన మనం వడ్డీ రేటు చూసి బతకడం నేర్చుకోవాలి.

3. కొనేవాడెవరో చూసుకోండి.

మన చమురు నేరుగా రిఫైనరీకి పోతుంది. కరెంటు కొనేది ఎక్కువగా డిస్కంలు, అంటే పంపిణీ సంస్థలు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత గాలి, సౌర ఒప్పందాల ధరల్ని తిరగదోడింది. ఆ వివాదం నడిచినంత కాలం కేంద్రాలకి యూనిట్‌కి రెండున్నర రూపాయల లోపే చెల్లించారు. ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది. దాదాపు మూడేళ్లు! బ్యాంకు ఆ మూడేళ్లు ఆగదు. ప్రజలకి కరెంటు చౌకగా రావాలన్న ప్రభుత్వ బాధ నాకర్థమవుతుంది, కానీ సంతకానికి విలువ లేకపోతే తర్వాత వచ్చేవాడు ఆ భయాన్ని కూడా ధరలో కలిపి అడుగుతాడు.

4. ఊరితో ముందు మాట్లాడండి.

ఈ ఒక్కటీ నేను ఎంతసేపైనా చెబుతాను. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి, రెండు నెలలకి పైగా మండింది. ఆ వెలుగు చూసిన పల్లెలు ఇప్పటికీ రిగ్గు వచ్చిందంటే ఉలిక్కిపడతాయి. ఆ తర్వాత నేను పనిచేసిన ఊళ్లలో గమనించాను. ఏం చేయబోతున్నామో, లారీలు ఏ దారిన వస్తాయో, గ్యాస్ మంట ఎన్నాళ్లు ఉంటుందో పంచాయతీలో కూర్చుని ముందే చెప్పిన చోట పని ఆగలేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉండి, మనుషులతో మాట లేని చోట ఆగింది.

బావికి కొన్ని ఎకరాలు చాలు. వెయ్యి మెగావాట్ల సోలార్‌కి నాలుగైదు వేల ఎకరాలు కావాలి. అనంతపురం వైపు ఆ నేలను కాగితం బంజరు అంటుంది, అక్కడివాళ్లు గొర్రెలు మేపుకునే బీడంటారు. అసైన్డ్ భూమిలో వేరుశనగ వేసుకునేవాడి పేరు రికార్డులో ఉండకపోవచ్చు. పట్టా ఉన్నవాడికి కౌలు వస్తుంది, మేపుకునేవాడికీ కూలీకీ ఏమొస్తుంది? ప్యానెళ్లు కడగడానికి ఆ కరువు నేలలో బోరు వేస్తే ఊరు ఊరుకుంటుందా? నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు వచ్చాయి, అవి పెట్టండి. మందలకి దారి వదలండి. ఇవి టెండరు పిలవకముందే ఆలోచించాల్సినవి.

5. మన చేతిలో ఉన్న పనిని గుర్తించండి.

లద్దాఖ్‌లోని పూగాలో భూమి వేడితో కరెంటు తీయాలని 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది. అక్కడ కావలసింది డ్రిల్లింగే. సముద్రంలో గాలిమరలకి జాకెట్లు అనే ఉక్కు పునాదులు దింపడం, తుపానులో పడవ నడపడం, వర్క్ పర్మిట్ లేకుండా స్పానర్ ముట్టుకోకపోవడం మనకి కొత్త కాదు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో సముద్రపు గాలిమరల కోసం కేంద్రం 2024లో 7,453 కోట్ల సాయానికి ఆమోదం తెలిపింది. మన అసలు చోటు అదే అని నా నమ్మకం.

డెన్మార్క్ ప్రభుత్వ చమురు సంస్థ డాంగ్ 2017లో చమురు, గ్యాస్ వ్యాపారాన్ని అమ్మేసి, ఓర్‌స్టెడ్ అని పేరు మార్చుకుని సముద్రపు గాలిలో ప్రపంచ అగ్రస్థానానికి వెళ్లింది. 2023లో అదే సంస్థ న్యూజెర్సీ తీరపు ప్రాజెక్టుల్ని వదులుకుని భారీ నష్టం రాసుకుంది. పని రాక కాదు. ఖర్చులూ వడ్డీలూ పెరిగాయి, ముందే ఒప్పుకున్న ధరతో అవి గిట్టుబాటు కాలేదు. నార్వే ఈక్వినార్ కూడా 2025లో తన పునరుత్పాదక లక్ష్యాన్ని తగ్గించుకుంది. వాళ్లని చూసి మానుకోమనను. తొందరపడి తక్కువ ధరకి టెండరు వేయొద్దంటాను.

6. సోలార్ వస్తే పెట్రోలు దిగుమతి తగ్గుతుందని చెప్పకండి.

మన దేశంలో డీజిల్‌తో తయారయ్యే కరెంటు అతి స్వల్పం. సోలార్ తగ్గించేది బొగ్గు వాడకాన్ని. చమురు తగ్గాలంటే బండ్లు కరెంటుతో నడవాలి, రిఫైనరీల్లో గ్యాస్ నుంచి తీసే హైడ్రోజన్ బదులు నీటి నుంచి తీసినది వాడాలి. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో అలాంటి హైడ్రోజన్ ఏడాదికి 370 టన్నులు తీసే చిన్న ప్లాంటు వచ్చింది. చిన్నదే కానీ సరైన దిక్కులో ఉంది.

7. చమురు బావుల్ని అశ్రద్ధ చేయొద్దు.

2024 జనవరిలో కాకినాడ ఎదుటి లోతు సముద్రంలో ఓఎన్‌జీసీకి కొత్త చమురు మొదలైంది. సోలార్‌కీ గాలిమరలకీ డబ్బు అలాంటి బావుల నుంచే రావాలి.

8. ఉద్యోగాల సంగతి దాచకండి.

సౌర కేంద్రం కట్టేటప్పుడు వందల మంది కావాలి, కట్టాక కొద్దిమందే మిగులుతారు. రిగ్గు మీద బతికే కాంట్రాక్టు కార్మికుడికి ఈ నిజం ఇప్పుడే చెప్పాలి, వేరే పని నేర్పాలి. సంస్థ పెద్దలకి నా విన్నపం ఒక్కటే. రాజమహేంద్రవరంలో ఒకటి, ఎన్.పి. కుంట దగ్గర ఒకటి శిక్షణ కేంద్రాలు పెట్టండి. రిగ్గు కార్మికులకీ, భూమి ఇచ్చిన ఇళ్ల ఐటీఐ పిల్లలకీ అందులో మొదటి సీట్లు ఇవ్వండి. భద్రతా పాఠం చెప్పడానికి నాలాంటి రిటైరైనవాళ్లం జీతం అడక్కుండా వస్తాం.