బ్యాటరీ కంటే ముందు బ్లేడు

పలమనేరు,
ఆదివారం



నీ జాబు అందింది. కాలేజీ లాన్‌లో సగం కసువు కోసేసరికే మీ ప్రాజెక్టు మిషన్‌లో ఛార్జి అయిపోతోందనీ, పెద్ద బ్యాటరీ కొనాలేమోననీ రాశావు. ఆ ఖర్చు పెట్టే ముందు బ్లేడు విప్పి చూడు తల్లీ.

మన కొట్టంలో చొప్ప కోసే మిషన్ నీకు తెలిసిందే. దానికి ఉన్నది 2 హార్స్‌పవర్ మోటారే. అయినా నేపియర్ గడ్డిని కట్టలు కట్టలుగా నమిలేస్తుంది. చక్రానికి బిగించిన కత్తులు వంపుగా ఉంటాయి కాబట్టి అంచంతా ఒక్కసారే గడ్డి మీద పడదు, ఒక కొసన మొదలై జారుతూ కోస్తుంది. మీ అమ్మ కత్తిపీట మీద గుమ్మడికాయను ఊరికే అదమదు, ముందుకు జరుపుతూ కోస్తుంది చూడు, అదే ఇది. పైగా కత్తికి ఎదురుగా ఇనప పట్టీ ఉంది. గడ్డి దానికి ఆనుకుని ఉంటుంది, తప్పించుకోలేదు. ఒక వానాకాలం ఆ కత్తికీ పట్టీకీ మధ్య సందు పెరిగింది. కాడలు తెగకుండా మడతపడి అందులో ఇరుక్కున్నాయి. మోటారు మూలుగుతుంటే కరెంటు తక్కువొస్తోందనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను. కత్తిని దగ్గరికి జరిపి బోల్టులు బిగిస్తే అదే మోటారు హాయిగా తిరిగింది.

లాన్ మిషన్ కూడా మొదట ఈ పద్ధతిలోనే పుట్టింది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ పేటెంటు పొందిన మిషన్‌కు, మిల్లుల్లో ఊలుబట్ట మీది నూగు కత్తిరించే యంత్రమే మాతృక. తిరిగే కత్తులు, కింద కదలని కత్తి, కత్తెర లాగా. మీది అడ్డంగా తిరిగే బ్లేడు. పోచకు ఆనుకునే ఆధారం లేదు, అది వంగి తప్పుకునేలోగా కొట్టి తెంపాలి. అందుకే అంత వేగం. ఆ వేగంలో బ్లేడు కసువుతో పాటు గాలినీ చిలుకుతుంది. గాలికి పోయే శక్తి ఇంచుమించు వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం పదోవంతు తగ్గించావంటే ఆ నష్టం దాదాపు 27 శాతం తగ్గుతుంది. కానీ మొద్దు బ్లేడుతో వేగం తగ్గిస్తే కసువు తెగదు, పడుకుంటుంది. తగ్గించే హక్కు పదునే ఇస్తుంది.

బ్లేడు వెనక పైకి వంచిన రెక్క పడుకున్న పోచల్ని గాలితో లేపడానికి, కోసినదాన్ని సంచిలోకి ఎగదోయడానికి. మీరు సంచి కట్టడం లేదు కదా, పొట్టి కసువుకు రెక్క తక్కువ ఎత్తున్న బ్లేడు చాలు.

బ్యాటరీ ఊడదీశాకే బ్లేడు ముట్టుకో. ఆకురాయితో పాత వాలు చెడకుండా రెండు కొసలూ సమానంగా రాయి. గ్రైండర్ మీద పెడితే నీలం తిరిగేదాకా వేడెక్కనీయకు, ఆ ఉక్కుకు ఇక పదును నిలవదు. తర్వాత నడి బెజ్జాన్ని మేకుకు తగిలించు. ఒరిగిన వైపు బరువెక్కువ, అటు ఇంకాస్త రాయాలి. లేకుంటే అదురు పుట్టి బేరింగులు తింటుంది.

మంచు ఆరాక, ఒకే లాన్‌లో, ఒకే ఎత్తున, సానపట్టక ముందూ తర్వాతా మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో రాసుకో. మర్నాడు పొద్దున వెళ్లి పోచల కొసలు కూడా చూడు, నున్నగా తెగాయో, పీచులు పీచులుగా చిరిగి తెల్లబడ్డాయో.

మీ మామ