లండనులో ఒక విద్యార్థి లెక్కల పుస్తకము

విద్యార్థులారా! పరదేశమున చదువువాడు గ్రంథములవలననే గాక, తాను నడచు వీథులవలనను, వెచ్చించు కాసులవలనను విద్య నేర్చును. మోహనదాసు గాంధిగారి లండను జీవితము ఇందుకు దృష్టాంతము.

ఆయన 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ యెక్కెను. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. లండనులో ఇన్నర్ టెంపులున న్యాయశాస్త్రవిద్యార్థిగా చేరి, మొదట వేషమునకును, నాట్యమునకును, వయొలీనునకును ధనము వ్యయపరచెను. అయినను బండి కిరాయి, తపాలా ఖర్చు, వార్తాపత్రిక వెల మొదలగు ప్రతి వ్యయమును వ్రాసి, రాత్రి పరుండుటకు ముందు నిలువ సరిచూచుకొనెడివాడు. ఇంటనుండి సొమ్ము పంపువాడు అన్నగారు. ఆ లెక్కయే ఆయనను హెచ్చరించెను.

అంతట ఒక్క గదిలోనికి మారి, ఉదయమున ఓట్సు జావయు కోకోయు, రాత్రి రొట్టెయు కోకోయు తీసికొని, మధ్యాహ్నము మాత్రము బయట భుజించుచు, దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో జీవించెను. బండి యెక్కక ఎనిమిది పది మైళ్లు నడచుటచే దేహమును దృఢపడెను.

పారిసునకు వెళ్లినపుడు, 1889లో పూర్తియైన ఈఫెలు గోపురముపై భుజించితినని చెప్పుకొనుటకై ఏడు షిల్లింగులు పారవైచితినని ఆయనయే తన ఆత్మకథలో ఒప్పుకొనెను. షిల్లింగునకు పండ్రెండు పెన్నీలు గనుక, అది అయిదు దినములకు మించిన గ్రాసము!

1891 జూన్ 10న బారిస్టరై, 12న స్వదేశమునకు బయలుదేరెను.

బాలురారా! మీ లెక్కలో వ్యర్థవ్యయమును కూడ వ్రాయుడు. దానిని దాచిన లెక్క మీకేమియు నేర్పజాలదు.